హోమ్ అంటే ఇల్లే

ఆదిలాబాద్,
జులై 1998

నా బంగారు తల్లి గంగామణికి,

మీ బాపు రాయమల్లు గుండె నిండా దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వు రాసిన కార్డు నిన్న పొద్దున ముట్టింది. పోస్టుమ్యాను సాంబయ్య చేతికివ్వబోతే, కండ్లు మసకగా ఉన్నాయి, నువ్వే జర చదువమన్నాను. మసక కాదు తల్లీ. నీ రాత కనబడగానే నీళ్లు తిరిగాయి. కరీంనగర్‌లో దామోదర్‌రావు గారి కంప్యూటర్ ఆఫీసులో కొలువు దొరికింది అన్న ముక్క దగ్గర సాంబయ్యను ఆపి మళ్లీ చదివించాను. "నీ బిడ్డ కొలువు సల్లగుండ, ఇంక వాడకట్టంత చెప్పుకుంట తిరగాలె నేను" అని నవ్వుకుంటూ పోయాడు.

సాయంత్రానికి పేడాలు పంచాను. ఎదురింటి గంగుబాయి పేడా నోట్లో వేసుకుని, వాళ్ల మరాఠీలో "శాబ్బాస్ పోరీ" అని, నువ్వు ఎదురుగా ఉన్నట్టే గాలికి మెటికలు విరిచింది. నేను పనిచేసిన పత్తి జిన్నింగు మిల్లుకు కూడా పోయాను. నేను దిగిపోయి ఇన్నేండ్లయినా గేటు దగ్గరివాళ్లు ఇప్పటికీ స్టోరు రాయమల్లు అనే పిలుస్తారు. వాళ్లకూ పంచాను. నువ్వు పుట్టినప్పుడు కూడా ఇంత సంబురం చేయలేదని మీ అవ్వ దెప్పింది. అబద్ధం. అప్పుడూ చేశాను. లేక లేక పుట్టినదానివి, చేయకుండా ఉంటానా. మీ అవ్వ బీడీల చాట పక్కన పెట్టి, "గంత మురువకు, జనం కండ్లు మంచియి గావు" అంటుంది. నేను మురుస్తాను. ఎవరేమన్నా మురుస్తాను.

పండుగలు దాటేదాకా చూసి కొలువు పక్కా చేస్తామన్నారని రాశావు. చేస్తారు, ఎందుకు చేయరు. అయితే అక్కడ నీ పని ఏమిటో వాడకట్టు వాళ్లు అడిగితే నాకు చెప్పవస్తలేదు. కార్డు చివర "పెర్లులో రాస్తున్నాను" అని ఉంది. పేర్లు అనబోయి దీర్ఘం మరిచావనుకుని, మా బిడ్డ పేర్లు రాసే పని చేస్తుందని అందరికీ చెప్పాను. ఓటర్ల పేర్లా అని గంగుబాయి అడిగింది. అయి ఉంటుందన్నాను. వివరంగా రాయి తల్లీ, నాకు అర్థమయ్యేటట్టు.

నీ కొలువు తలుచుకుని నిద్రలో కూడా నవ్వుతున్నాడని మీ అవ్వ చేత అనిపించుకుంటున్న
బాపు


కరీంనగర్,
ఆగస్టు 1998

బాపుకు,

గంగామణి దండాలు. అవ్వకు కూడా చెప్పు.

పేర్లు కాదు బాపు, పెర్లు. అదొక భాష. కంప్యూటరుకు పని చెప్పే భాషల్లో ఒకటి. అయినా నువ్వు అందరికీ చెప్పింది మరీ తప్పేం కాదు. నేను ఆ భాషలో రాసేది మనుషుల పేర్ల సంగతే.

మా ఆఫీసుకు పత్తి ఆడ్తిదారుల లెక్కల పని వస్తుంది. భైంసా నుంచి, ఆదిలాబాద్ నుంచి, జైనూర్ దిక్కు నుంచి రైతుల చిట్టీలు వస్తాయి. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. నీ పేరే తీసుకో. ఒక కాంటా దగ్గర మధ్యలో వై పెట్టి రాస్తారు, ఇంకో కాంటా దగ్గర ఐ పెట్టి రాస్తారు, మరోచోట ఏకంగా రాజమల్లు చేస్తారు. కంప్యూటరుకు వీళ్లంతా వేరు వేరు మనుషులు. అవ్వ పేరు ఒకచోట ఇలవ్వ, ఒకచోట అయిలవ్వ. ఇవన్నీ ఒక్కరివే అని పట్టుకునేది నేను తయారుచేశాను. అట్లాంటి దాన్ని మాడ్యూలు అంటారు. పనిముట్టు అనుకో. కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా రాసిచ్చే చీటీని స్క్రిప్టు అంటాం. బిల్లు చేసే స్క్రిప్టుకూ, చెక్కు రాసే స్క్రిప్టుకూ, అన్నింటికీ ఆ పనిముట్టే కావాలి. దామోదర్‌రావు సారు చూసి, ఇట్లాంటిది హైదరాబాద్‌లో కూడా లేదన్నారు.

చిక్కు దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది. స్క్రిప్టు పైన "నాకు ఫలానా మాడ్యూలు కావాలి" అని ఒక ముక్క రాస్తాం. పెర్లు దానికోసం కొన్ని చోట్లే వెతుకుతుంది. ఎక్కడెక్కడ వెతకాలో దానికి ముందే చెప్పి ఉంటుంది. అక్కడ లేకపోతే పక్క అరలో ఉన్నా చూడదు. దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. మనం సొంతంగా చేసుకున్న మాడ్యూళ్లు పెట్టుకోవడానికనే కంప్యూటర్లో ఒక ఉమ్మడి చోటు ఉంది. అందులో పెడితే ఎవరు ఎక్కడినుంచి పని నడిపినా దొరుకుతుంది. అందులో పెట్టాలంటే పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది సారు మేనల్లుడు సీతారాంరావు దగ్గర ఉంది. ఈ కంప్యూటరు పెట్టించింది ఆయనే. హైదరాబాద్‌లో ఉంటాడు. ఫోను చేసి అడిగాను. చూద్దాం అన్నాడు.

అందాకా ప్రతి స్క్రిప్టు పక్కన మాడ్యూలు నకలు ఒకటి పెట్టి నడుపుతున్నాను. పెర్లు తాను నిలబడ్డ చోట కూడా వెతుకుతుంది కాబట్టి దొరుకుతోంది.

నేను బాగున్నాను. తిండికి ఇబ్బంది లేదు.

గంగామణి


ఆదిలాబాద్,
సెప్టెంబరు 1998

నా చదువుల తల్లికి,

నీ ఉత్తరం చదివినప్పటినుంచి నా కాళ్లు నేల మీద నిలుస్తలేవు. నాకు అర్థమైంది. మొత్తం అర్థమైంది. నీది కూడా స్టోరు పనే కదా తల్లీ. దేవుడు నా కొలువునే పెద్దది చేసి, ఏసీ గది ఇచ్చి, నా బిడ్డకు ఇచ్చాడు.

మిల్లులో మిషను తిప్పే పట్టా తెగిందనుకో, పత్తి గింజ తీసే జిన్ను ఆగుతుంది. ఫిట్టరు ఉరికి వస్తాడు. పట్టా ఎక్కడ ఉండాలో అక్కడ మేకుకు వేలాడుతుండాలి. పక్క మేకుకు ఉంటే వాడు కూడా చూడడు, లేదని అరుస్తాడు. అచ్చం నీ పెర్లు లాగనే. నాకు పని నేర్పిన రాజయ్య మేస్త్రి ఒక మాట అనేటోడు. "స్టోరోడు సచ్చినా సామాను దొరకాలె, గప్పుడే అది స్టోరు." నేను దిగిపోయిన తెల్లారి నా జాగాలో వచ్చినవాడు ఒక్క వస్తువు కోసం కూడా నన్ను పిలవలేదు. అంత మంచిగా పెట్టి వచ్చాను. అది చెప్పుకుని ఇప్పటికీ మీసం దువ్వుకుంటాను.

అందుకని ఆ సీతారాంరావు సారును వదలకు. ఉమ్మడి చోట్లోనే పెట్టు. నకళ్లు మంచివి కావు. ఒక వస్తువు నాలుగు చోట్ల ఉంటే ఏది మంచిదో ఏది అరిగిందో ఎవరికి తెలుస్తుంది.

మీ అవ్వకు నీ ఉత్తరం చదివి వినిపించాను. తన పేరు కంప్యూటర్లో ఉందని చెబితే ముసిముసిగా నవ్వింది. చివరిదాకా విని, "కూరేం వండుకున్నదో రాయలే. పిల్ల మంచిగ లేదు" అంది. ఇంత పెద్ద చదువుల సంగతి రాస్తే ఈమెకు కూర కావాలి. గంగుబాయి, మీ అవ్వ కలిసి ఈసారి బతుకమ్మను గోడంత పేరుస్తారట. నువ్వు వస్తున్నావని నేను ముందే చెప్పి పెట్టాను.

ఎదురుచూస్తూ
బాపు


కరీంనగర్,
అక్టోబరు 1998

బాపుకు,

బతుకమ్మకు రాలేకపోయాను. కోపం తెచ్చుకోకు.

నకళ్లు మంచివి కావని నువ్వు రాసిన ఉత్తరం వచ్చేసరికే జరిగింది. మాడ్యూలులో ఒక తప్పు కనబడితే దిద్దాను. ఒక నకలులో దిద్ది ఇంకో నకలు మరిచాను. చెక్కులు రాసే స్క్రిప్టు పక్కన పాతదే ఉండిపోయింది. జైనూర్ దగ్గరి లింగవ్వకు పోవలసిన చెక్కు ఇంకో ఊరి లింగవ్వకు పోయింది. జైనూరామె కొడుకును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుంది, అంతే. దామోదర్‌రావు సారు అందరి ముందు నన్ను నిలబెట్టి, "నీ సదువు గింతేనా? పేర్లు కలుపుమంటె మనుషులనే కలిపితివి" అన్నారు. అందరూ నవ్వారు. నిజానికి తప్పు నాదే.

మళ్లీ సీతారాంరావుకు ఫోను చేశాను. ఉమ్మడి చోట్లో అందరూ చెయ్యి పెడితే ఎట్లా, దీపావళి అయ్యాక నేనే అక్కడికి వచ్చేస్తున్నాను, అప్పుడు చూస్తా అన్నాడు. వచ్చేస్తున్నాడన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆయన వస్తే నేను చేసే పని ఆయనే చేస్తాడు.

అందుకని నకళ్లన్నీ తీసేసి, ఆ మాడ్యూలుకూ తర్వాత చేసినవాటికీ ఒక్కొక్క ప్రతే నా హోములో పెట్టుకున్నాను. అందరికీ దొరుకుతోంది, తప్పులు రావడం లేదు. ఎక్కడినుంచి దొరుకుతోందో వాళ్లకు తెలియదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఇక ఆ ఉమ్మడి చోటు కావాలని నేను అడగను బాపు. అవి నా హోములో ఉన్నంతకాలం నన్ను పొమ్మనలేరని ఒక ధైర్యం. కొలువు పక్కా అయ్యేదాకా అట్లాగే ఉండనిస్తాను. నాకున్న ఆధారం అదొక్కటే.

ఈ సంగతి ఎవరితో అనకు.

అవ్వకు చెప్పు, నిన్న వంకాయ వండుకున్నాను.

గంగామణి


ఆదిలాబాద్,
అక్టోబరు 1998

బంగారు తల్లికి,

ముందుగాల ఒక మాట. నువ్వు ఇంక దేనికీ భయపడే పని లేదు. మీ బాపు బతికే ఉన్నాడు. నీ తలమీది బరువు నేను దించేశాను.

నీ ఉత్తరం చదివితే ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. హోము. మీ అవ్వ, హోమం చేయించిందేమో కొలువు కోసం అంది. కాదులే అని, బడిపంతులు అంతయ్య సారు దగ్గరికి పోయాను. ఉత్తరం చూపించలేదు, ఎవరితో అనకన్నావు కదా. ఊరికే అడిగినట్టు, సారూ హోమ్ అంటే ఏంది అన్నాను. "గిది గూడ తెల్వదా రాయమల్లూ? హోమ్ అంటె ఇల్లే. పిలగాండ్లు హోంవర్కు ఏడ చేస్తరు మరి" అన్నాడు.

నా గుండె జారిపోయింది తల్లీ. ఆఫీసు సామాను నువ్వు ఇంట్లో పెట్టుకున్నావా. నీ మనసులో దొంగబుద్ధి లేదని నాకు తెలుసు, కానీ లోకానికి తెలియాలి కదా. మిల్లులో మంచి పనిమంతుడు ఒక ఫిట్టరు ఉండేవాడు. స్టోరులో ఎలుకలున్నాయి, తుప్పు పడుతుంది అని కొత్త బేరింగు ఒకటి జాగ్రత్తకోసం ఇంటికి తీసుకుపోయాడు. తిరిగి తెచ్చేటప్పుడు గేటు దగ్గర పట్టుకున్నారు. తెస్తున్నవాణ్ణి తీసుకుపోతున్నాడన్నారు. కొలువు పోయింది. వాని పిల్లలను కూడా బేరింగు దొంగ పిల్లలు అనేవారు. రాత్రంతా వాడే యాదికి వచ్చాడు. వాని జాగాలో నువ్వు కనబడ్డావు.

తెల్లారి ధైర్యం తెచ్చుకున్నాను. పట్టుబడకముందు మనమే చెబితే అది దొంగతనం కాదు, నిజాయితీ. ఎవరితో అనకన్నావు, వాడకట్టులో ఎవరితోనూ అనలేదు. నేరుగా దామోదర్‌రావు గారికే రాశాను. నా చేతితో, మంచి కాగితం మీద. "అయ్యా, నా బిడ్డ గంగామణి మీ ఉప్పు తింటున్నది. మీ ఆఫీసు సామాను కొంత తన ఇంట్లో పెట్టుకున్నది. ఆశతో కాదు. ఉమ్మడి గదిలో చోటు ఇవ్వనందుకు, పాడవుతాయేమోనన్న భయంతో. మీరు అడిగిన గడియలో మారుమాట లేకుండా అప్పజెబుతుంది. దానికి నేను జామీను. నా జన్మంతా స్టోరు చూసినవాణ్ణి, సామాను విలువ ఎరిగినవాణ్ణి. పిల్ల మీద దయ ఉంచి కొలువు పక్కా చేయగలరు" అని.

పోస్టు డబ్బాలో వేసి వస్తుంటే ఒళ్లు దూదిలాగ తేలికైంది. దారిలో గంగుబాయి, ఏంది రాయమల్లన్నా పెండ్లికొడుకులెక్క నడుస్తున్నవ్ అంది. నువ్వు ఆ సామానంతా ఒక సంచిలో సర్దిపెట్టుకో. అడగగానే ఇచ్చెయ్యి. వాళ్లు నిన్ను నెత్తిన పెట్టుకుంటారు చూడు.

గెలిచి వచ్చిన
బాపు


కరీంనగర్,
నవంబరు 1998

బాపు,

ఆ ఉత్తరం నిజంగా పోస్టు చేశావా. చేయకపోతే చేయకు. చేసి ఉంటే, వెంటనే ఇంకొకటి రాయి, నేను పొరపాటు పడ్డాను, నా బిడ్డ ఇంట్లో ఏమీ లేదు అని. మన మూలమీది కిరాణం నంబరుకు ఫోను చేస్తే మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. హోమ్ అంటే మన ఇల్లు కాదు. తర్వాత చెబుతాను. ముందు రాయి.

గంగామణి


ఆదిలాబాద్,
నవంబరు 1998

పిచ్చి తల్లికి,

నీ కార్డు, దామోదర్‌రావు గారి జవాబు ఒక్కనాడే వచ్చాయి. నీ కార్డు చదివి చెమటలు పట్టాయి, ఆయన ఉత్తరం చదివి ఆరిపోయాయి. ఇంత భయమైతే ఎట్లా బిడ్డా. పెద్దమనుషులు పెద్దమనుషులే. ఆయన నాకు, ఒక స్టోరు రాయమల్లుకు, టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది ఉత్తరం రాశారు.

ఏమని రాశారో విను. "రాయమల్లుకు. నీ ఉత్తరం చేరినది. నీ నిజాయితీ మెచ్చదగినది. నీవు తెలియజేసిన పిమ్మట విచారించగా విషయము నిజమని తేలినది. సామాను మాకు ముట్టినది. ఇక చింత లేదు."

సామాను ముట్టినది. ఆ మాట వినడానికే కదా నేను బతికింది. మిల్లులో ఇన్నేండ్లు చేస్తే ఏ సేటూ నాకు మెచ్చదగినది అని రాసి ఇవ్వలేదు. అంతయ్య సారు చేత పైకి చదివించాను. సాంబయ్య విన్నాడు. గంగుబాయికి తెలుగు చదవరాదు కదా, ముద్ర ముట్టి చూసింది. మీ అవ్వ ఒక్కతే, "బిడ్డ కార్డు మల్ల సదువు" అంది. చదివాను. "బిడ్డ వద్దన్నది గదనయ్యా" అంది. వద్దన్నప్పుడు దానికి ఈ జవాబు వస్తుందని తెలియదు కదా అని సముదాయించాను.

ఇంక పక్కా అయినట్టే. ఆ కాగితం చేతికి రాగానే రాయి. నేను మళ్లీ పేడాలు చెప్పి పెట్టాను.

నీ నిజాయితీకి మురుస్తున్న
బాపు


కరీంనగర్,
డిసెంబరు 1998

బాపుకు,

ఇన్ని రోజులు రాయలేదు. ఏమని రాయాలో తెలియలేదు. ఇది అవ్వకు చదివి వినిపించకు.

కంప్యూటర్లో మా ఒక్కొక్కరికి ఒక చోటు ఇస్తారు. ఎవరి రాతలు వాళ్లు పెట్టుకోవడానికి. దానికి పేరు హోము. అది ఆ పెట్టెలోనే ఉంటుంది బాపు. ఆఫీసులోనే ఉంటుంది. నేను ఏదీ మోసుకుపోలేదు. ఒక ఫ్లాపీ కూడా బయటకు తేలేదు, తేనివ్వరు. స్క్రిప్టుల పైన "గంగామణి హోములో కూడా వెతుకు" అని ఒక ముక్క రాశాను. అంతే నేను చేసింది.

నీ ఉత్తరం తనకు చేరిన రోజు సారు నన్ను ఏమీ అడగలేదు. నన్ను ఆఫీసులోనే కూర్చోబెట్టి, ఇద్దరిని నా గదికి పంపారు. ఇంటి ఓనరు జానకీబాయి గారి ముందు నా పెట్టె తీశారట. బట్టలు, పుస్తకాలు మంచం మీద కుప్ప పోశారట. బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టారని ఆమె తర్వాత చెప్పింది. ఏమీ దొరకలేదు. దొరకలేదంటే ఎక్కడో గట్టిగా దాచిందని సారు అనుకున్నారు. నేను ఎంత చెప్పినా, "మీ బాపు అబద్ధం రాస్తడా" అన్నారు. అవును, మా బాపు అబద్ధం రాయడు.

మర్నాడు సీతారాంరావు వచ్చాడు. నీ ఉత్తరం చదివాడు. ఒక స్క్రిప్టు తెరిచి, పైన నేను రాసిన ముక్క చూసి, పడీ పడీ నవ్వాడు. "మామా, హోమ్ అంటె గిదే. ముసలాయన ఇల్లనుకున్నడు" అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు కొంచెం ఆశ కలిగింది, ఇంక అయిపోయిందిలే అని. ఆయన పెద్ద పాస్‌వర్డ్ కొట్టి, నా హోములో ఉన్నవన్నీ ఉమ్మడి చోట్లోకి మార్చాడు. స్క్రిప్టుల మీది నా ముక్క తీసేశాడు. నడిపి చూశాడు. అన్నీ నడిచాయి. అప్పుడు నా హోమును తుడిచేశాడు. ఇదంతా నేను వెనక నిలబడే చూశాను.

ఎన్నోసార్లు అడిగిన చోటు అది. నా మాడ్యూళ్లకు చివరికి దొరికింది. ఇప్పుడు ఏ స్క్రిప్టు అడిగినా అవి దొరుకుతాయి. నాకే దొరకవు. నా దగ్గర ఒక ప్రతి కూడా లేదు.

సారు కోప్పడలేదు. పని ఒక దారికి వచ్చింది, ఇంక మనిషి అవసరం లేదు, రేపటినుంచి రావద్దు, మీ బాపే రాసిచ్చాడు కాబట్టి తీసేయడానికి నేను వేరే కారణం రాయను అన్నారు. పనిచేసినట్టు కాగితం అడిగాను. ఇట్లాంటి సంగతి జరిగాక ఏమని రాయమంటావు అన్నారు. ఊళ్లో ఇంకో రెండు కంప్యూటర్ సెంటర్లకు పోయాను. పోయేసరికే వాళ్లకు తెలుసు. ఒకాయన నా చేతి సంచి బయట పెట్టి రమ్మన్నాడు.

పొద్దున కొలువుకు పోయినట్టే తయారై బయటకు వస్తాను. జానకీబాయి గారు చూస్తుంటారు కదా. సర్కారు దవాఖాన దగ్గర బెంచీలు ఉంటాయి, అక్కడ కూర్చుంటాను. అక్కడైతే ఎవరూ ఎందుకు కూర్చున్నావని అడగరు.

ఆదిలాబాద్ రాలేను. నువ్వు పంచిన పేడాలు తిన్నవాళ్ల మధ్యకు రాలేను. నిన్ను ఏమీ అనడం లేదు బాపు. నువ్వు మంచికే చేశావు. ఆ మాట రోజూ అనుకుంటాను.

గంగామణి


కరీంనగర్, బస్టాండు,
డిసెంబరు 1998

గంగామణికి,

పైన ఊరి పేరు చూసి తప్పు రాశాననుకోకు. కరీంనగర్ బస్టాండులో కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం మీ అవ్వకు చదవలేదు. చదవకున్నా, నా మొకం చూసి, జొన్నరొట్టెలు మూట గట్టి, "బస్సెక్కు. బిడ్డను తోల్కొనిరా" అంది. మధ్యాహ్నం దిగి నేరుగా దామోదర్‌రావు గారి దగ్గరికి పోయాను. లోపలికి పిలిచారు. కుర్చీ వేయించి చాయ్ తెప్పించారు. నీ అసొంటి మనిషి ఈ కాలంలో దొరకడు రాయమల్లూ అన్నారు. దొరా, నాకు తెలువక రాసిన, అది ఇల్లు కాదట అన్నాను.

"ఇల్లయితేంది, హోమయితేంది? మాకు చెప్పకుంట పెట్టుకున్నదా లేదా?"

ఉమ్మడి చోటు ఇవ్వలేదు కదా అన్నాను. ఇయ్యకుంటే అడగాలె, దాసుకుంటరా అన్నారు. కొలువు వద్దు, ఆ పనిముట్టు నా బిడ్డ చేసిందని ఒక్క ముక్క రాసియ్యుండ్రి అని చేతులు జోడించాను. ఆఫీసులో కూర్చుని చేసింది, అది ఆఫీసుదే, చేసిన చెయ్యి ఎవరిదని దేని మీదా రాసి ఉండదు అన్నారు. ఆయన మాటలో ఎక్కడా కోపం లేదు తల్లీ. కోపముంటే కాళ్ల మీద పడేవాణ్ణి.

లేచి వస్తూ, ఇప్పుడు ఎట్లా నడుస్తుంది దొరా అని అడిగాను.

"మస్తుగ నడుస్తుంది. అన్నీ ఒక్కటే తావుల వెట్టినం. ఎవలు అడిగినా దొరుకుతున్నయి."

ఆ మాట వినగానే నాకు సంతోషమైంది. ఎందుకు దాచాలి. సామాను దాని తావుకు అది చేరిందంటే నాకు లోపల ఏదో చల్లబడుతుంది. జన్మంతా అదే పని చేసినవాణ్ణి. ఒక్క గడియే. కానీ అయింది. "మంచిదాయె" అని నా నోటితో నేనే అన్నాను. అని మెట్లు దిగుతుంటే నేను ఏమన్నానో నాకు తెలిసింది.

అక్కడినుంచి నీ గదికే వచ్చాను. అడ్రసు అడుక్కుంటూ వీధి దాకా వచ్చేసరికి సాయంత్రమైంది. నువ్వు మేడమీద ఆరిన బట్టలు తీస్తున్నావు. చిక్కిపోయావు. పిలిస్తే వినబడేంత దగ్గరే ఉన్నాను. ఆ మంచిదాయె అన్న నోటితో నిన్ను పిలవలేకపోయాను. నువ్వు లోపలికి పోయేదాకా కరెంటు స్తంభం దగ్గర నిలబడి, ఇటు వచ్చేశాను.

రొట్టెలు సంచిలోనే ఉన్నాయి. మీ అవ్వ నిన్ను తీసుకురమ్మంది. నువ్వు రానన్నావు. రమ్మని అడిగే మొకం నాకు లేదు, రాకుండా ఉండమని అనే ధైర్యం అసలే లేదు. వాడకట్టులో ఎవరైనా ఏదైనా అంటారన్న భయం మాత్రం పెట్టుకోకు. నేను పోగానే ఆ ముద్ర గుద్దిన ఉత్తరం ఎవరెవరికి వినిపించానో వాళ్లందరి ఇండ్లకూ పోయి, దాని అర్థం ఇదీ అని చెబుతాను. గంగుబాయితో మొదలుపెడతాను. అది నా పని.

ఆదిలాబాద్ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు చాయ్ తాగడానికి దిగాడు. ఈ ఉత్తరం ఈ ఊళ్లోనే డబ్బాలో వేస్తున్నాను, నీకు రేపో ఎల్లుండో ముడుతుంది. ఆయన తిరిగి వచ్చేలోపల బస్సు ఎక్కుతానో, మళ్లీ ఆ స్తంభం దగ్గరికి వచ్చి నిలబడతానో నాకు తెలుస్తలేదు.

బాపు